జిడ్డునకు బంకకు నడుమ ఒక రాత్రి

బెజవాడ గుణదలలో ఏలూరు కాలువకు చేరువనున్న మా అన్నగారి యింటికి గడచిన సంక్రాంతి దినములలో నేను పోయినప్పుడు, అరిసెలు వండు సందడిలో నుండియే మా వదినగారు మూకుడు క్రింది మంటను తగ్గించి వసారాలోనికి వచ్చి, నా చేతిలో ఒక ఎఱ్ఱని గరిటె నుంచి, "ఏమయ్యా, ముప్పయ్యేళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పావు గదా, ఇది ఎందుకిట్లా బంకబంకగా తయారయిందో చెప్పు చూద్దాం" అనిరి. వారి పెద్దమ్మాయి రెండేండ్ల క్రిందట డాలసు నుండి వచ్చుచు తెచ్చిన సిలికోన్ గరిటె యది. తెచ్చిననాడు పట్టువలె మృదువుగా, పొడిగా నుండి పదిమంది మెప్పు లందిన ఆ వస్తువు నేడు వ్రేలు మోపి తీసినచో సన్నని చప్పుడుతో గాని విడివడకుండెను; దానిపై ఒక తలవెండ్రుకయు, మినపపొట్టు తునుకలు రెండును, తువాలు నుండి రాలిన నూగును అంటుకొని యుండెను; వెలుతురునకు వంచి చూడగా నా బొటనవ్రేలి ముద్ర రిజిస్ట్రారు కచేరిలో వేయించుకొన్నంత స్పష్టముగా కనబడెను.

ఇది కడిగినదేనా యని నేనడిగితిని. "పొద్దున తోమిందే. తోమేవాళ్ల చేతిలో శుభ్రత ఉంటే గదా" అని వదినగారు పెరటివైపు కనుసన్న చేసిరి. పెరటిలో పంపు దగ్గర పనిమనిషి ఆ మాట వినియు విననట్లు తల వంచుకొని, కొబ్బరిపీచును చింతపండులో ముంచి ఒక ఇత్తడి బిందెను రుద్దుచుండెను. ఆ బిందె పండుగ యెండలో కన్నులు మిఱుమిట్లు గొలుపునట్లు మెఱయుచుండెను. అంతటి బిందె నట్లు మెఱపించిన చేయి జానెడు గరిటెను శుభ్రము చేయజాలకపోయినదనుట నాకు న్యాయముగా తోపలేదు. తెలుగునాట ఎన్ని యిండ్లలో ఇప్పుడిట్టి నిందలు జరుగుచున్నవో గాని, ఈ వ్యాసమునకు మూలము మాత్రము ఆ నిందయే.

మొదట మాటల సంగతి తేల్చుకొందము. మన భాషలో జిడ్డు వేఱు, బంక వేఱు. తలకు చమురు రాచుకొన్న పిల్లవాని నుదుటిపై నుండునది జిడ్డు. తుమ్మచెట్టు బెరడునుండి కారి గట్టిపడునది బంక. జిడ్డు చేతిక్రింద జాఱును, బంక చేతిని పట్టుకొనును. వంటయింట మెలగువారికి ఈ భేదము వ్రేళ్లకొనల యందే యుండును. కాని సిలికోన్ వస్తువులతో వచ్చు కాగితపు ముక్కలను వ్రాయువారికి అది తెలిసినట్లు కనబడదు. ఈ పదార్థమునకు రెండు రోగములును వచ్చును. రెంటికిని కారణములు వేఱు, చికిత్సలు వేఱు, అన్నిటికంటె ముఖ్యముగా మొదటిది ముదిరి రెండవది యగుటకు పట్టు గడువొకటి కలదు. ఆ గడువు దాటనిచ్చిన తప్పు తోముచేతిది కాదు.

సిలికాను అనునది ఇసుకలోను స్ఫటికశిలలోను ఉన్న మూలకము. సిలికోన్ అనునది దాని నుండి మనుష్యుడు కల్పించిన పదార్థము. బజారులో రెండు పేర్లను ఒక్కటిగానే పలుకుదురు, అందువలన పెద్ద నష్టమేమియు లేదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామునందు ఆచార్యుడైన ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఈ పేరు పెట్టెను. ఆయన కోరినవి స్వచ్ఛమైన స్ఫటికములు. గాజుపాత్రల అడుగున ఆయనకు పలుమాఱు మిగిలినవి ఎందుకును కొఱగావని తోచిన బంకముద్దలు. దశాబ్దములు శ్రమించి, ఈ శాఖయందు త్వరలో గొప్ప పురోగతి కలుగునన్న ఆశ తనకు లేదని 1937లో ప్రకటితమైన ఉపన్యాసమున ఆ వృద్ధుడు నిట్టూర్చెను. మూడేండ్లకే, 1940లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందు యూజీన్ రాకో యను రసాయనజ్ఞుడు సిలికోనులను విరివిగా చేయుటకు సులభమార్గమును కనుగొనెను. 1943లో డౌ కార్నింగు సంస్థ వెలసెను. 1969లో చంద్రునిపై మోపిన ఆర్మ్‌స్ట్రాంగు బూటు అడుగుభాగము సిలికోన్ రబ్బరే. బంకగా పుట్టి చంద్రలోకము దాక పోయివచ్చిన పదార్థము మా వదినగారి వంటయింట మరల బంకయగుట జన్మసంస్కారమనవలెనేమో!

దాని నిర్మాణమును కొంచెము పరికించినచో రహస్యము బయటపడును. సిలికాను పరమాణువొకటి, ప్రాణవాయు పరమాణువొకటి, మరల సిలికాను, మరల ప్రాణవాయువు, ఇట్లు సాగిన పొడవైన గొలుసునకు ఇరువైపుల బొగ్గు, ఉదజని పరమాణువులతో కూడిన చిన్న కుచ్చులు వ్రేలాడుచుండును. గొలుసు రాతిజాతిది, కుచ్చులు నూనెజాతివి. రాతిజాతి గనుకనే 200 డిగ్రీల వేడిని ఇంచుమించు లెక్కసేయదు. నూనెజాతి కుచ్చులు పైకి తిరిగియుండుట చేతనే నీటిని దరికి రానీయదు. తామరాకు మీద నీటిబొట్టు వలె గరిటెపై నీరు ముత్యములై దొరలిపోవుటను చూచి, ఇక దీనికేమియు అంటదని మనము మురిసిపోవుదుము. నీటిని ఒల్లనిది నూనెను కూడ ఒల్లదని ఎవరు చెప్పిరి? నూనెకు అది స్వజాతి. పైగా ఈ గొలుసులను అక్కడక్కడ ముడివేసి రబ్బరుగా చేయునప్పుడు ముడుల నడుమ సందులు మిగులును, కొల్లేటి జాలరి వలలోని కన్నుల వలె. వేడినూనెలో ముంచిన ప్రతిసారియు కొంచెము నూనె ఆ కన్నులలో దూరి కూర్చుండును. పైన కడిగి ఆరబెట్టిన పిమ్మట లోపలి నూనె మెల్లగా పైకి వచ్చును.

గుణదల కొండమీద మేరీమాత తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగును గదా. లక్షల జనము వెలిగించిన క్రొవ్వొత్తుల మైనము కరగి రాతిమీద గడ్డలు కట్టును. ఇనుపరేకుతో గీకినచో ఆ మైనము పెచ్చులుగా లేచివచ్చును, ఏలయనగా అది రాతిపైన నున్నది. తోముట యను విద్యయంతయు, మన బామ్మల నాటి బూడిద మొదలు నేటి గిన్నెల సబ్బు దాక, పైన నున్నదానిని తొలగించు విద్యయే. లోపల నున్నదానిని పీచు పెట్టి ఎంతసేపు రుద్దినను లాభమేమి? రుద్దినకొలది సన్నని గీతలు పడి, ఆ గీతలలో మఱికొంత జిడ్డు నిలుచును. పనిమనిషి ఎంత శ్రద్ధగా తోమునో గరిటె అంత త్వరగా పాడగును. ఇది వినుటకు విపరీతముగా నున్నను యథార్థము.

లోపలిది పైకి వచ్చు ఈ గుణమును దోషమని అందరును అనరు. గుణదలలో కూర్చుండి గుణమును దోషమనుట నాకును ఇష్టము లేదు. ఏలూరు రోడ్డుమీద రాష్ట్ర విద్యుత్సంస్థల ప్రధాన కార్యాలయమైన విద్యుత్ సౌధ ఈ గుణదలలోనే కలదు. విద్యుత్ స్తంభములపై తీగలను మోయు పింగాణీ ఇన్సులేటర్లను మనము చిన్ననాటి నుండి చూచుచున్నాము. వానిమీద దుమ్మును, బూడిదయు, సముద్రపుటుప్పును పేరుకొని, మంచుకో తుంపరకో తడిసినప్పుడు ఆ తడిపొర వెంట విద్యుత్తు ప్రాకి భగ్గుమని మెఱసి సరఫరా ఆగిపోవుట కలదు. అందుచేత నేడు పెక్కు లైన్ల మీద సిలికోన్ రబ్బరు తొడుగు గల ఇన్సులేటర్లను వాడుచున్నారు. దాని చాతుర్య మేమనగా, ముడిపడకుండ లోపల విడిగా మిగిలిన చిన్నచిన్న సిలికోన్ గొలుసులు తమంత తాము పైకి ప్రాకివచ్చి, పేరుకొన్న దుమ్మును కూడ కప్పివేసి, ఆ దుమ్ముకే నీటిని దొర్లించు స్వభావమును కలిగించును. అనగా దుమ్మును కడుగక్కఱలేకయే తనవలె మార్చుకొనును. ఇంజనీర్లు ఈ ప్రాకుడును మెచ్చుకొని డబ్బిచ్చి కొనుచున్నారు. అదే ప్రాకుడు గరిటెలో జరిగినప్పుడు, నూనె చుక్క తగులని క్రొత్త వస్తువు కూడ చేతికి జిడ్డుగా తోచును.

కావుననే మంచి కర్మాగారములలో అచ్చునుండి తీసిన వంటసామగ్రిని మరల 200 డిగ్రీల యొద్ద నాలుగు గంటల పాటు కాల్చి, ఆ విడిగొలుసులను ఆవిరిగా వెళ్లగొట్టుదురు. జర్మనీలో ఈ విషయమున ఒక కొలత కలదు: 200 డిగ్రీల యొద్ద 4 గంటలు ఉంచినప్పుడు వస్తువు బరువులో నూటికి అరపాలు, అనగా 0.5 శాతమునకు మించి ఆవిరియై పోరాదు. విద్యుత్తునకు, కాలమునకు వెనుకాడి ఆ రెండవ కాల్పును తగ్గించిన సరకు చౌకగా వచ్చును. జిడ్డు దానితోపాటే వచ్చును.

ఇక ఆటోనగరు సంగతి. గుణదలకు అది ఎంతో దూరము లేదు. లారీల క్రింద పండుకొని మరమ్మతు చేయు మేస్త్రీ నొకనిని నేనీ విషయమై ప్రశ్నించితిని. అతడు చేతి గ్రీజును గుడ్డతో తుడుచుకొనుచు, "వేడి తగిలేచోట సిలికాన్ సార్, డీజిల్ తగిలేచోట నైట్రైల్. తప్పి సిలికాన్ వేశామా, ఉబ్బి ఊరుకుంటుంది" అని రెండు మాటలలో తేల్చివేసెను. ఇది రబ్బరు శాస్త్రమున మొదటి పాఠము. మన కుక్కర్ల గాస్కెట్లను చాలవఱకు నైట్రైలు రబ్బరుతో చేయుటకును ఇట్టిదే కారణము. వంటనూనె డీజిలంత క్రూరమైనది కాదు గనుక గరిటె కంటికి ఉబ్బినట్లు కనబడదు. నడచు త్రోవ మాత్రమొకటే. ఆటోనగరులో అక్షరము రాని కుఱ్ఱవానికి కూడ తెలిసిన ఈ నియమమును, నూనె పోసి వండుటకే ఉద్దేశింపబడిన వస్తువును అమ్మువారు కొనువారికి చెప్పకపోవుట నాకు ప్రధానమైన ఫిర్యాదు. "దీనికేమియు అంటదు" అని పెట్టెపై పెద్దక్షరములతో వ్రాయుదురు. అట్టుపిండి అంటదు, బెల్లపు పాకము అంటదు, నిజమే. నూనె సంగతి ఎత్తరు.

జిడ్డు బంకగా మారు వైనమును ఇప్పుడు చెప్పవచ్చును. నూనెలన్నియు ఒక్కతీరువి కావు. గాలిలోని ప్రాణవాయువును పీల్చి గట్టిపడు శక్తి కొన్నిటికి హెచ్చు, కొన్నిటికి తక్కువ. ఆ శక్తిని సూచించు అంకె నొకదానిని రసాయనజ్ఞులు అయొడిన్ విలువ యందురు. కొబ్బరినూనెకు అది 10కి లోపు. వేరుసెనగ నూనెకు 85 మొదలు 99 వఱకు. నువ్వులనూనెకు 100 దాటి. ప్రొద్దుతిరుగుడు నూనెకు అంతకు పైబడి 140 దాక పోవును. అవిసె నూనెకు 170కి మించును. అవిసె నూనెను వడ్రంగులు తలుపులకు పూసి ఆరనిచ్చుటయు, చిత్రకారులు రంగులలో కలుపుటయు అందుకే. అది ఆరుట కాదు, గాలితో కూడి వలగా అల్లుకొనుట. మన ప్రొద్దుతిరుగుడు నూనె ఆ కుటుంబమునకు దగ్గఱి చుట్టము. గరిటెపై మిగిలిన సన్నని పొర వేడి తగిలి, గాలి తగిలి, సగము అల్లుకొని సగము అల్లుకొనక నిలిచిపోవును. ఆ సగపు స్థితికే బంక యని పేరు.

ఇనుప పెనము నడుగుడు. అట్టు చక్కగా లేచు పాత పెనమున కుండు నల్లని మెఱుగు మఱేమియు కాదు, ఇదే నూనెపొర, మంటమీద పూర్తిగా అల్లుకొని గట్టిపడినది. పెనము మంట 200 డిగ్రీలను అవలీలగా దాటును గనుక అక్కడ పని పూర్తియగును. సిలికోన్ గరిటెకు ఆ అదృష్టము లేదు. దాని నంత కాల్చినచో అదే చెడును. పెనముపై పరిపాకమునకు వచ్చి గృహిణి కీర్తికి కారణమగు ద్రవ్యము, గరిటెపై పచ్చిగా నిలిచి పనిమనిషి అపకీర్తికి కారణమగుచున్నది.

దీనికి మన బెజవాడ యెండ తోడు. ఉష్ణము పది డిగ్రీలు హెచ్చినప్పుడెల్ల రసాయనచర్య వేగము ఇంచుమించు రెట్టింపగునని ఒక స్థూలసూత్రము కలదు. చలిదేశముల వంటయిండ్లు 20 డిగ్రీలలో నుండును. రోహిణీకార్తెలో గుణదల వంటయిల్లు, పొయ్యి వెలిగింపకముందే, 40 డిగ్రీల యొద్ద నుండును. డాలసులో నాలుగు రాత్రులు పట్టు మార్పు ఇచట ఒక్క రాత్రిలో జరుగునని లెక్క తేలును. (డాలసులో ఎండలు లేవా యని మా అమ్మాయి దెబ్బలాడును, అక్కడి వంటయిండ్లకు ఏసీ కలదని నా సమాధానము.) తోమని గరిటెను తొట్టిలో వైచి నిద్రించి, మఱునాటి ఉదయము పనిమనిషి వచ్చి తోమవలెననుట ఆమెకు జిడ్డును కాదు, బంకను అప్పగించుట. రాత్రి ఎంగిలి గిన్నెలుంచినచో జ్యేష్ఠాదేవి వచ్చి కూర్చుండునని మా బామ్మ మమ్ము భయపెట్టెడిది. ఆమె కాలమున సిలికోను లేదు. అయినను ఆ దేవత రూపము మాత్రము నా కిప్పుడు కొంత స్పష్టముగా గోచరించుచున్నది. కడుగని వస్తువును ఎండలో వేయుటయు ఇట్టిదే. ఇత్తడికి ఎండ మంచిది, చింతకాయకు మంచిది, నూనె పట్టిన సిలికోనునకు విషము.

సబ్బును గూర్చి రెండు మాటలు. మా అన్నగారి వీధిలో బోరునీరే ఆధారము; ఆ నీటిలో సున్నపుజాతి లవణములు హెచ్చు. గిన్నెల సబ్బుబిళ్లలో తోముటకు సాయముగా కలుపు సుద్దవంటి పొడులును, ఈ లవణములును కలిసి సిలికోనుపై ఒక తెల్లని మందపు పొరను విడుచును. చేతికి అదియు జిడ్డుగానే తోచును. జిడ్డని తలచి మరల సబ్బు రుద్దుదుము. పొర మఱింత పెరుగును. సువాసన గల సబ్బైనచో ఆ అత్తరు కూడ నూనెజాతిదే గనుక లోనికి పోయి మఱునాటి ఇడ్లీలో నిమ్మవాసనగా ప్రత్యక్షమగును. వాసనలేని ద్రవసబ్బు, వేడినీరు, కడపటి కడుగునకు తాగునీరు, ఇంతకు మించి అక్కఱలేదు. కుంకుడుకాయ పులుసు కూడ లేత జిడ్డునకు బాగుగనే పనిచేయును; అది నా స్వానుభవము. కిరోసిను మాత్రము ఎవరు చెప్పినను వాడరాదు, డీజిలు గూర్చి ఆటోనగరు మేస్త్రీ చెప్పినదే దానికిని వర్తించును.

వదినగారి గరిటెకు ఆనాడు మేము చేసిన చికిత్స ఇది. ముందుగా పొడి సెనగపిండి చల్లి పాతగుడ్డతో ఒత్తి తుడిచితిమి. పైజిడ్డు పిండితో పోయెను. పిమ్మట వెడల్పు గిన్నెలో నీరు మరగించి, చెంచాడు వంటసోడాయు నాలుగు చుక్కల ద్రవసబ్బును వైచి, గరిటెను అందులో పావుగంట ఉడికించితిమి. మరగు నీటిలో రబ్బరు వల సడలి, లోపలి నూనె బయలుదేరెను. నీటిపై మొదట చిన్నచిన్న వలయములు, తరువాత ఇంద్రధనుస్సు రంగులతో ఒక పొర తేలెను. ఇక్కడ చాలమంది పొరపడుదురు. పని యైనదని గరిటెను పైకెత్తుదురు. ఎత్తుచుండగనే అది ఆ పొరను చీల్చుకొని వచ్చి, విడిచిన నూనెనంతయు మరల తొడుగుకొనును. గరిటెను అడుగుననే యుంచి, గిన్నె అంచు పొర్లునట్లు వేఱొక చెంబుతో వేడినీరు పోసి, తెట్టెను పారబోసిన తరువాతనే దానిని తీయవలెను. రెండవ మాఱు ఉత్తనీటిలో అట్లే ఉడికించితిమి. కొన దగ్గఱ గోధుమవన్నె దేఱిన బంకకు మాత్రము చాకలి సోడాను తడిపి ముద్దగా పట్టించి, గంట సేపు విడిచి, గుడ్డతో రుద్దవలసి వచ్చెను. నూటికి తొంబది పాళ్లు పోయెను. తక్కినది పోదు, ముదిరిన వార్నిషును తలుపు విడుచునా?

ఓవెను గలవారు జిడ్డు వస్తువును నేరుగా అందులో పెట్టి కాల్చి శుభ్రము చేయవచ్చునని చెప్పుచుందురు. కడిగిన పిమ్మట 150 డిగ్రీలలో అరగంట యుంచి మరల వేడినీట కడిగినచో లోనూనె కొంత బయటపడుట నిజమే. కడుగకుండ పెట్టినచో జిడ్డును చేజేతుల బంకగా వండుకొన్నట్లే. మఱియొకటి: గరిటె కొనను మండుచున్న పెనము అంచున ఆనించి వెళ్లుట మనకు అలవాటు. ఆ కొన నూనె వలన కాక తానే విఱిగి మెత్తబడి అంటుకొనినచో, ఇక దానికి చికిత్స లేదు.

అసలు నన్నడిగినచో, పెనమునకు నూనె పూయుటకు సిలికోన్ కుంచె అనవసరము. సగముగా కోసిన ఉల్లిపాయను పుల్లకు గ్రుచ్చి నూనెలో అద్ది పెనముపై త్రిప్పు మన పద్ధతి యందు పని ముగియగనే సాధనమును కూరలో వేసికొనవచ్చును. వంకాయ తొడిమయు అట్టిదే. కడుగవలసినది లేనప్పుడు జిడ్డునకు తావెక్కడ? మూకుడులో దేవుటకు ఇనుప చట్రము, అట్టు త్రిప్పుటకు అట్లకాడ, అరిసెలోని నూనె ఒత్తుటకు చెక్కలు. ఇవి చమురుతో కాపురము చేసి నిలిచినవి. సిలికోనునకు తగిన పనులు వేఱు: పిండి, పెరుగు, పాకము, మజ్జిగ, తడిది, తీయనిది. అది చెడ్డ వస్తువు కాదు. తప్పు పనిలో పెట్టబడిన మంచి వస్తువు.

కొనుటలోని మోసమును గూర్చియు చెప్పవలసియున్నది. సిలికోనను పేర అమ్ముడుపోవు సరకులో ఇతర రబ్బరులును, మెత్తని ప్లాస్టిక్కులును కలిసియుండును. వానిలో కలిపిన మెత్తబఱచు నూనెలు కాలక్రమమున పైకి వచ్చి, వాడినను వాడకున్నను బంకయగును. ఆ సాయంకాలము పెరటిలో గాలివాటు చూచుకొని, డాలసు గరిటె పిడినుండి గోరంత తునుకయు, మా అన్నగారు ఒక తోపుడుబండిపై కొన్న ఇడ్లీ అచ్చునుండి గోరంత తునుకయు కోసి, పటకారుతో మంటలో చూపితిని. మొదటిది మెల్లగా మండి తెల్లని బూడిదగా మిగిలి వ్రేళ్లమధ్య పొడియయ్యెను; ఆ బూడిద సిలికా, అనగా ఇసుకలోని ద్రవ్యమే. రెండవది కరగి, నల్లని పొగ చిమ్ముచు, చుక్కలుగా కారెను. దానిలో ఎన్ని పర్యాయములు ఇడ్లీలు వండిరో అన్నగారు లెక్క చెప్పలేదు, నేనును అడుగలేదు.

వంటగిన్నెలలో స్టీలునకును, అల్యూమినియమునకును ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయుచు కేంద్రప్రభుత్వము 2024 మార్చి 14న ఉత్తర్వు వెలువరించినది. మంచి పని. వేడి యన్నము తగులు ప్రతి సిలికోన్ వస్తువునకును అంతటి కట్టుబాటు ఉండవలెనని నా కోరిక. అందుపై మూడు సంగతులు తెలుగులో ముద్రింపవలెను: ఇది అచ్చమైన సిలికోనా కాదా, రెండవ కాల్పు పొందినదా లేదా, నూనెలో వాడినచో అదే పూట వేడినీట కడుగవలెనను హెచ్చరిక. ఇంగ్లీషున సన్నని అక్షరములలో కాదు, తోముచేతులవారు చదువగల అక్షరములలో. ఆ హెచ్చరిక పెట్టెమీద లేనందుననే నింద పంపు దగ్గఱి మనిషిమీద పడుచున్నది.

ఆనాడు రెండవ మాఱు ఉడికించిన గరిటె పొడిగా, పట్టుగా, ఇంచుమించు మునుపటివలె బయటికి వచ్చెను. వదినగారు దానిని గ్రైండరు దగ్గఱ పెట్టి, గిన్నె గోడలకంటిన మినపపిండిని ఒక్క చుట్టులో నున్నగా దింపి చూచి, "దీనికి ఇదే పనిలే" అనిరి. అంతలో పనిమనిషి తోమిన బిందెను లోపల పెట్టుటకు వచ్చి, బల్లపై పారబోయక మిగిల్చిన చెంబెడు తెట్టెనీటిని చూచి ఆగిపోయెను. "ఇదంతా దాని కడుపులోదేనా అమ్మగారూ?" అని అడిగెను. వదినగారు మాటాడలేదు. చెక్కల నడుమ ఒత్తి అప్పుడే తీసిన అరిసెలు నాలుగింటిని అరటియాకులో చుట్టి ఆమె చేతిలో పెట్టిరి.